తొంభై మూడో కాయ

ఈ ఉదయం ముమ్మిడివరం నుంచి ఒకావిడ తన కొడుకు జాతకం పట్టుకుని వచ్చింది. పిల్ల జాతకం కూడా తెచ్చింది, పొంతన చూడమని. నాకు డెబ్బయి నాలుగేళ్ళు. చూపు తగ్గినా లెక్క తప్పదని ఇంకా కొందరు వస్తూనే ఉంటారు. తెచ్చిన రెండు బొండాలు అరుగు మీద పెట్టి కూర్చుంది. నేను చక్రాలు చూస్తూ ఉంటే ఊరుకోలేక కొడుకు గొప్ప చెప్పడం మొదలుపెట్టింది.

"పద్దెనిమిదేళ్ళవాడే గాని వాడి మడి చూస్తే పెద్దవాళ్ళు సిగ్గుపడాలండీ. ఎవరి చేతి వంటా ముట్టడు. ఆఖరికి నేను వండినా సరే. వాడి నీళ్ళు వాడే తోడుకుంటాడు, వాడి అన్నం వాడే వార్చుకుంటాడు. నిద్రన్నది లేదు, తెల్లవార్లూ జపమే. అచ్చం మా మేనమామగారి పోలికంటారండి అందరూ. ఆయన మీ వీధిలోనే ఉండేవారట. తొమ్మిది రోజులు నిరాహారంగా ఉండి సిద్ధి పొందేరట. మీరు ఎరుగుదురా?"

ఎరుగుదునని మాత్రం అన్నాను. భోజనం చేసి సాయంత్రం రమ్మన్నాను. ఆవిడ వెళ్ళగానే కలం తీశాను.

ఆవిడ మేనమామ పేరు రాయను. ఆ పేరు పెట్టుకున్నవాళ్ళు ఆ ఇంట్లో ఇప్పుడు ముగ్గురున్నారు. అతను బతికింది ఇరవై ఏళ్ళ రెండు నెలల పదహారు రోజులు. పుట్టిన గడియ రాసింది నేను, పోయిన గడియ రాసిందీ నేనే.

మా నాన్నగారు పంచాంగం గుణించేవారు. ఐనవిల్లికి రెండు కోసుల దూరంలో మా అగ్రహారం. తొమ్మిదో ఏట నా తాడు తెగింది. మగపిల్లలు లేరు గనక నాన్నగారు గుణకారాలు నాకు నేర్పారు. వీధిలో ఏ ఇంట్లో పురుడు వచ్చినా గడియకుడుక పట్టుకుని పురిటిగది తలుపు బయట కూర్చునేదాన్ని. అడుగున సన్నని చిల్లు ఉన్న రాగి గిన్నె అది. నీళ్ళ మీద వదిలితే నిండి మునగడానికి ఒక గడియ పడుతుంది. దుర్ముఖి భాద్రపద బహుళ పంచమి నాడు మూడో ఇంట్లో కుడుక ముప్ఫై నాలుగుసార్లు మునిగాక లోపలి నుంచి మంత్రసాని "మగపిల్లాడు" అని కేకేసింది. అప్పుడు నాకు పదహారేళ్ళు.

చిన్నప్పుడు అతను వట్టి నవ్వులపోగు. కోటిపల్లి రేవులో పడవవాడు బేరమాడే తీరు, మా నాన్నగారు తుమ్మబోయి తుమ్మ లేక పడే అవస్థ, అన్నీ చేసి చూపించేవాడు. తండ్రి ఘనపాఠి. వేదపదాలను ముందుకూ వెనక్కూ తిప్పి, మళ్ళీ ముందుకు చెప్పడం ఘనం. ఈ పిల్లవాడు వేదంతోపాటు నా తిట్లకు కూడా ఘనం చెప్పేవాడు. తలుపు వెయ్యరా అంటే చాలు, చెవి మీద చెయ్యి పెట్టుకుని స్వరం తప్పకుండా అందుకునేవాడు. "తలుపు వెయ్యి, వెయ్యి తలుపు, తలుపు వెయ్యి." నవ్వు ఆపుకోలేక నేను లోపలికి పోయేదాన్ని. వెధవముండ వీధిలోకి వినపడేలా నవ్వకూడదు.

అతను అలా ఎందుకు అయిపోయాడని తరవాత అందరూ తలా ఒక కారణం చెప్పారు. తండ్రి అంతర్వేది బైరాగుల మీద పెట్టాడు. తల్లి దిష్టి అంది. నేను చూసినవి మూడున్నాయి. అవి రాస్తాను.

ఎనిమిదో ఏట నుంచీ తండ్రి అతన్ని నాలుగో జాముకి లేపి వేదం సంత చెప్పించేవాడు. కునికితే పిలకకు తాడు కట్టి ఆ తాడు దూలానికి వేసేవాడు. తల వాలితే జుట్టు లాగుతుంది, మెలకువ వస్తుంది. పది సంవత్సరాలు అతను కడుపారా నిద్రపోలేదు. ఇది ఒకటి.

ఆనంద మాఘంలో, పద్దెనిమిదో ఏట, అంతర్వేది తీర్థానికి వెళ్ళి నాలుగు రోజులు బైరాగుల దగ్గర కూర్చున్నాడు. గంజాయి పీల్చాడు. తిరిగి వచ్చాక కూడా ఎక్కడో దొరకబుచ్చుకుని రెండు నెలలు పీల్చాడు. దొడ్డి గోడ అవతల నుంచి వాసన నాకు తెలిసేది. ఇది రెండు.

మూడోది ఎవరూ పైకి అనలేదు. కొత్తపేట అవతల అతని అమ్మమ్మగారి ఊళ్ళో ఒక ఒడుగుకు నాకు పదమూడో ఏట నాన్నగారితో వెళ్ళాను. ఆ ఇంటి దొడ్లో, కొబ్బరికాయలు పోసే కొట్టులో, ఒకాయన్ని కాలికి బొండకొయ్య వేసి కూర్చోబెట్టారు. రెండు దుంగల మధ్య చీలమండ బిగించి మేకు కొట్టారు. గడ్డం బొడ్డుదాకా ఉంది. వంటవాళ్ళనడిగితే, మహా మడి మనిషమ్మా, పంతొమ్మిదో ఏట అదే ముదిరి ఇలా అయిందని చెప్పారు. మా మూడో ఇంటి వదినకు, అంటే ఇతని తల్లికి, ఆయన తోడబుట్టినవాడు.

వీటిలో ఏ ఒక్కటీ మనిషిని పాడుచేసి తీరుతుందని నేననను. అదే తండ్రి దగ్గర పిలకకు తాడు కట్టించుకున్న శిష్యులు నలుగురు ఇంకా బతికి, మనవల్ని కొడుతున్నారు. గంజాయి పీల్చినవాళ్ళు కోనసీమ నిండా ఉన్నారు. మతి చెడ్డ మేనమామ లేని కొంప ఏది? మూడూ ఒక్కడి మీదే పడ్డాయి. నాకు తెలిసింది అంతే.

మొదట నవ్వు పోయింది. ఆ ఏడు ఫాల్గుణంలో నేను తలుపు వెయ్యరా అంటే వేసి వెళ్ళిపోయాడు. అది పంచాంగం అంచున రాసుకున్నాను. తరవాత ఆ ఘనం మళ్ళీ మొదలైంది గాని నవ్వు లేదు. ఎవరో అరుగు మీద అన్న మాట ఏదో పట్టుకుని, గోడవైపు తిరిగి, ముందుకూ వెనక్కూ తిప్పుతూ ఉండేవాడు. చూసినవాళ్ళు ఆహా, నిరంతర వేదాధ్యయనం అన్నారు. నేను దగ్గరకు వెళ్ళి విన్నాను. అతను తిప్పుతున్నది పాలమనిషి అన్న మాట. "పాలు రేపు తెస్తాను. రేపు పాలు. పాలు రేపు." అందులో ఏదో దాచి ఉందన్నట్టు విప్పి విప్పి చూస్తున్నాడు.

తరవాత స్నానాలు. రోజుకు మూడు ఉండేవి, జ్యేష్ఠానికి ఏడయ్యాయి, శ్రావణానికి పంతొమ్మిది. అప్పుడే తల్లి చేతి వంట మానేశాడు. వదిన నా దగ్గరకు వచ్చి ఏడవలేదు, మురిసిపోయింది. వీధి వీధంతా అలాగే ఉంది. ఎదురింటావిడ తన ముగ్గురు కొడుకుల్నీ వరసగా నిలబెట్టి, ఆ అబ్బాయిని చూసి బుద్ధి తెచ్చుకోండిరా, మీరు పెట్టింది పెట్టినట్టు మింగే గండుపిల్లులు అని తిట్టడం నా చెవులతో విన్నాను. మాట్లాడటం మానేస్తే మౌనవ్రతం అన్నారు. నిద్రపోకపోతే తపస్సు అన్నారు. తల్లి నీడ పడిందని విస్తరి పారేస్తే, అంత నిష్ఠ అన్నారు. మరో కులంలో, మరో వాడలో పుట్టి ఉంటే నెల తిరక్కుండా ఈ అబ్బాయికి ఏదో అయింది అనేవారు. మాలో మాత్రం జబ్బు ఎంత ముదిరితే గౌరవం అంత పెరిగింది.

నేను మాత్రం ఒకటి చూశాను. మడి కట్టుకున్న మనిషికి మైల అంటే రోత ఉంటుంది. ఇతనికి ఉన్నది భయం. వండిన గిన్నె మూత తీసి, ముందు వాసన చూసి, అప్పుడు చుట్టూ ఎవరున్నారో చూసేవాడు. కొత్తపేట కొట్టులో చూసిన గడ్డం నాకు జ్ఞాపకం వచ్చింది. అయినా వదినతో అనలేదు. అంటే ఆవిడ తోడబుట్టినవాడి మాట ఎత్తినట్టవుతుంది. ఇరుగుపొరుగు పాడవుతుంది. పంచాంగం అంచున రాసుకుని ఊరుకున్నాను. అలా ఇరవై నెలలు రాసుకున్నాను.

రాక్షస కార్తికంలో ఒక మధ్యాహ్నం తడిబట్టతో మా అరుగు దగ్గరకు వచ్చాడు. అరుగు ఎక్కలేదు.

"అత్తయ్యగారూ, నేను పుట్టిన్నాడు కుడుక ఎన్నిసార్లు మునిగిందండీ?"

ముప్ఫై నాలుగన్నాను.

"మధ్యలో మీరు కళ్ళు మూసేరా?"

మూయలేదన్నాను. నాకు కోపం వచ్చింది.

"లోపల ఉన్నారా, బయట ఉన్నారా?"

"బయటరా. లోపల మంత్రసాని ఉంది."

"అయితే మీరు చూడలేదండీ," అన్నాడు. గొంతులో ఎత్తిపొడుపు లేదు. "ఎవరో చెప్పింది రాసేరు. ఆ గదిలో ఎవరు పుట్టేరో, బయటికి ఎవర్ని ఇచ్చేరో మీకు తెలీదు."

అతను ఎంత భయంలో ఉంటే ఆ మాట అడిగి ఉంటాడో ఇవాళ తెలుస్తోంది. ఆ రోజు నాకు తెలిసింది ఒక్కటే. నా లెక్కను తప్పుపట్టాడు. పైగా అందులో న్యాయం ఉంది. నేను చూడలేదు. లోపలికి వెళ్ళి, కుడుక తెచ్చి, నీళ్ళ మీద వదిలి, చిల్లు అంతే ఉందని గడియ కొలిచి చూపించాను. ఒక గడియసేపు తడిబట్టతో వణుకుతూ నిలబడి చూశాడు. "చిల్లు సరిగానే ఉందండి," అని వెళ్ళిపోయాడు. నన్ను తప్పుపట్టిన మాట నేను మరిచిపోలేదు.

తరవాత నీళ్ళ మీద పడ్డాడు. ముందు వీధి నుయ్యి మానేశాడు, తరవాత సొంత నుయ్యి. కొత్తగా వచ్చిన కాలవలో నాలుగు రోజులు ముంచుకున్నాడు. ఆ పైన రోజూ నడిచి గౌతమికి వెళ్ళి బిందె తెచ్చుకునేవాడు. చివరికి అదీ పనికిరాదన్నాడు. ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టి అప్పటికి నాలుగేళ్ళు. కట్టి ఆపిన నీరు చచ్చిన నీరని, ఆ చచ్చిన నీటిలో తన పేరు కలిపి వదులుతున్నారని అతను చెప్పాడు. మొదటి సగం మా పండితులు కూడా అంటున్న మాటే. అందుకని రెండో సగం ఎవరి చెవికీ ఎక్కలేదు. అతను ఏమన్నా జనం చేతులు కట్టుకుని "ఆయ్" అనేవారు. "ఆయ్, అలాగేనండీ." మా వైపు ఆ మాటతో ఏ మనిషినైనా వినకుండా సాగనంపవచ్చు. ముమ్మిడివరం నుంచి, ఆలమూరు నుంచి కూడా వచ్చి, మైలపడతాడని దూరం నుంచే దండం పెట్టి వెళ్ళేవారు. తండ్రి వీధి అరుగు మీద పీట వేసి అతన్ని కూర్చోబెట్టడం మొదలుపెట్టాడు. వచ్చినవాళ్ళు పళ్ళూ పట్టుపంచెలూ పెట్టేవారు. కొడుకు అవి ముట్టడు గనక తండ్రి లోపలికి తీసుకుపోయేవాడు.

ఆ గౌరవం నళ నామ సంవత్సరం ఆశ్వయుజ శుద్ధ పంచమి నాడు పోయింది. ఒక పెద్ద కామందు ఇంట దసరా సభ. ఘనం చెప్పడానికి తండ్రీ కొడుకులు ఎదురెదురుగా కూర్చున్నారు. సగంలో అతను ఆగిపోయాడు. నా రొమ్ములో ఇంకొకడు కూర్చుని నాకంటే ఒక పదం ముందు చెప్పేస్తున్నాడు, నేను చెప్పడానికి ఏమీ మిగలడం లేదని తండ్రితో అన్నాడు. అది కూడా ఎవరో మహానుభూతి అని సర్దారు. సర్దుబాటు కానిది ఆ తరవాతది. కామందు కప్పబోయిన శాలువను అతను కర్రతో ఎత్తి అవతల పారేసి, అందులో ఏం పూసేరండీ అని నిండు సభలో అడిగాడు.

అలా ఒక్క పూటలో అతను పిచ్చివాడయ్యాడు. ఇరవై నెలల్లో కానివాడు శాలువ పారేసేసరికి అయ్యాడు. మర్నాడే పశువులశాలలో బొండకొయ్యలో పెట్టారు. దుంగ కొత్తది కొట్టించవలసిన పని కూడా లేకపోయింది. కొత్తపేట వైపు నుంచి పడవలో వచ్చింది. మేనమామ పోయాక ఆ ఇంటివాళ్ళు దాన్ని అటక మీద దాచారు. చీలమండ పట్టే చోట కొయ్య నున్నగా అరిగి ఉంది.

భూతవైద్యుడు వచ్చి ఏడు వాతలు పెట్టాడు. దండాలు పెట్టడానికి వచ్చినవాళ్ళే ఇప్పుడు చూడటానికి వచ్చారు. చేరువకు వచ్చి మరీ చూశారు, మైల భయం లేదు కదా. ఎదురింటావిడ కొడుకుల్లో పెద్దవాడు ఎంగిలి తమలపాకు అతని మీద వేసి, ఇప్పుడు ఎన్ని స్నానాలు చేస్తావోయ్ అని అడిగాడు. ఆవిడ పక్కనే ఉండి నవ్వింది.

వండుకోవడానికి లేకపోవడంతో తిండి పోయింది. తల్లి పెట్టింది ముట్టడు. తండ్రి ఇద్దరు మనుషుల్ని పెట్టి ముక్కు మూసి నోట్లో అన్నం కుక్కించాడు. మెతుకు మిగలకుండా కక్కాడు. మర్నాడు నేను వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను. ఏం తింటావురా అని అడిగాను.

"బొండం అయితే తాగుతానండీ. అందులో ఎవరూ ఏమీ కలపలేరు. చెట్టే మూత వేసి పంపుతుంది."

పగుళ్ళు లేని అరటిపండు కూడా తింటానన్నాడు. మా దొడ్లో నాలుగు చెట్లున్నాయి. ఆశ్వయుజ శుద్ధ ఏకాదశి నుంచి పొద్దున ఒక కాయ, సాయంత్రం ఒక కాయ పట్టుకెళ్ళాను. ఏ కాయ ఎక్కడిదో చెప్పేదాన్ని. "రెండో చెట్టు, మూడో గెల, ఎనిమిదో కాయ." అతను తిరిగి చెప్పేవాడు. తప్పిపోకుండా మర్నాడు తొమ్మిదోది అయిందా లేదా చూసుకునేవాడు. అతని ఎదుటే కత్తితో కింది కొస చెక్కి ఇచ్చేదాన్ని. తల పైకెత్తి ధారగా పోసుకునేవాడు. తరవాత కాయ పగలగొట్టి లేతకొబ్బరి పెట్టేదాన్ని. ఊరందరిలో నన్నెందుకు నమ్మాడని వదిన ఒకసారి అతన్నే అడిగింది.

"అత్తయ్యగారు ఉన్నదే చెబుతారమ్మా," అన్నాడు. "నా పుట్టుక చూడలేదని కూడా ఒప్పుకున్నారు."

నలభై ఆరు రోజులు, తొంభై రెండు కాయలు. ఒళ్ళు చిక్కింది గాని మనిషి నిలబడ్డాడు. మాట కూడా కొంచెం తెలివికి వచ్చింది. ఒకరోజు నా వెనక పడ్డ తలుపు చూసి, తలుపు వెయ్యి, వెయ్యి తలుపు అని మెల్లగా అన్నాడు. పెదవి చివర ఏదో కదిలింది. దాన్ని నవ్వుగా రాసుకున్నాను.

అప్పుడు ఆలమూరు వైద్యుడు వచ్చాడు. మంచి వైద్యుడే. ఇది దయ్యం కాదు, వాతం మనసుకెక్కింది, వాతలు ఆపండి అన్నాడు. పాతాళగంధి వేరు కషాయం ఇచ్చాడు. రోజూ ఒక ఉద్ధరిణెడు లోపలికి పోతే నిద్ర పడుతుందని, నిద్ర పడితే సగం తగ్గినట్టేనని చెప్పాడు. లోపలికి పోవడం ఎలా అని తండ్రి అడిగితే అది మీరే చూసుకోవాలన్నాడు. తండ్రి మళ్ళీ ఆ ఇద్దరు మనుషుల్ని పిలిపిస్తానన్నాడు.

ఆయన వెళ్ళాక వదిన నా చెయ్యి పట్టుకుంది. "మీ చేతిది తాగుతున్నాడు కదా, వదినగారూ."

ఆవిడ అంతకంటే ఏమీ అనలేదు. మిగిలింది నేనే అన్నాను. నా చెయ్యి సన్నం, నేను చేస్తాను, అన్నగారికి కూడా చెప్పకండి అన్నాను. చెబితే ఆయన కొడుకు ముందు అనేస్తాడు. నన్నెవరూ బలవంతపెట్టలేదు.

కార్తిక బహుళ ద్వాదశి పొద్దున మొదటి చెట్టు, నాలుగో గెల, అయిదో కాయ తీసుకున్నాను. కాయ తలమీద టోపీలా ఉండే ముచ్చికను చిట్లకుండా ఊడదీశాను. దాని కింద మెత్తటి చోట దబ్బనం గుచ్చాను. ఒక ఉద్ధరిణెడు నీళ్ళు వంచేసి, ఒక ఉద్ధరిణెడు కషాయం పోశాను. మైనంతో చిల్లు మూసి ముచ్చిక యథాస్థానంలో అంటించాను. తిప్పి చూస్తే నాకే కనపడలేదు. అంత బాగా కుదిరినందుకు సంతోషించాను. ఇది కూడా రాయాలి.

చెట్టూ గెలా కాయా చెప్పాను. తిరిగి చెప్పాడు. కింది కొస చెక్కి ఇచ్చాను. ధార నోట్లో పడింది. రెండు గుక్కలు మింగాడు, మూడోది ఆపాడు. బొండం నిండా నీళ్ళలో ఒక ఉద్ధరిణె చేదు తెలియదని నేను లెక్క వేశాను. ఇరవై నెలలుగా ప్రతి గుక్కలో చేదు వెతుకుతున్న నాలుక అది. దాన్ని లెక్కలో వేసుకోలేదు.

కాయ తలకిందులు చేశాడు. నీళ్ళు గడ్డి మీద పోయాయి. ముచ్చిక గోటితో ఎత్తాడు. మైనం వేలికి అంటుకుంది. ఆ వేలిని అలా చూస్తూ ఉండిపోయాడు. ముఖం విప్పారింది. చిన్నప్పటి ముఖం అది.

"అయితే నాకు పిచ్చి లేదండీ, అత్తయ్యగారూ," అన్నాడు.

నా మీద కోపం లేదు. తండ్రిని కేకేశాడు. ఘనపాఠి వచ్చాడు, వెనకే వదిన. అతను వేలు చూపించాడు. కాయ చూపించాడు. ఇన్నాళ్ళూ చెబుతున్నానా లేదా, ఇప్పుడు చూడండి, ఇక ఈ కొయ్య తీసెయ్యండి అన్నాడు. అంత తెలివిగా మాట్లాడటం రెండేళ్ళలో నేను వినలేదు. తండ్రి కాయ అందుకుని తిప్పి చూశాడు. నావైపు తిరిగాడు.

"అమ్మాయీ, ఇందులో ఏమైనా కలిపేవా?"

వదిన నా కళ్ళలోకి చూస్తోంది. కలిపానంటే ఆయన ఆవిడను ఏం చేస్తాడో నాకు తెలుసు. మందు ఇక ఎప్పటికీ లోపలికి పోదు. వీధిలో నా మాట ఏమవుతుందో కూడా తెలుసు, అదే ముందు తోచింది.

అతను కూడా చూస్తున్నాడు. "చెప్పండి అత్తయ్యగారూ. మీరు ఉన్నదే చెబుతారు."

"ఏమీ కలపలేదు," అన్నాను.

"చెట్టు బంక అయి ఉంటుంది లెండి," అంది వదిన.

"ఆయ్, బంకే," అన్నాడు తండ్రి. కాయ దొడ్లోకి విసిరేసి వెళ్ళిపోయాడు.

అతను వేలి మీద మైనాన్ని కొంతసేపు నలిపాడు. తరవాత గడ్డికి తుడిచేశాడు. "అత్తయ్యగారు తప్పు చెప్పరు," అని తనలో అనుకున్నాడు. ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కు. ఆ మైనం మైనమైతే అత్తయ్య అబద్ధం. అత్తయ్య నిజమైతే తన వేలు, తన నాలుక అబద్ధం. ఎటు తిప్పినా అతనికి నిలబడటానికి చోటు లేదు.

ఆ సాయంత్రం తొంభై నాలుగో కాయ పట్టుకెళ్ళాను, ఏమీ కలపనిది. చెట్టూ గెలా చెప్పాను. తిరిగి చెప్పలేదు. అరటిపండు కూడా ముట్టలేదు. రెండో రోజూ మూడో రోజూ ముసురు పట్టింది. శాల బయటికి చెయ్యి చాపి, చూరు నీళ్ళు తగలకుండా, ఆకాశం నుంచి నేరుగా పడిన చుక్కలు పట్టి తాగాడు. చూరు మనుషులు నేసింది కదా. నాలుగో రోజు ఎండ కాసింది. రోజూ వెళ్ళి కూర్చున్నాను. ఒకే ఒక్క మాట చెబితే చాలునని, అది నిజమైన మాటేనని తెలిసి కూర్చున్నాను. తండ్రి ఇంట్లో ఉన్నప్పుడు చెప్పలేదు. లేనప్పుడూ చెప్పలేదు. ఏడో రోజు నేను నోరు తెరిచేసరికి అతనికి మనిషి ఆనవాలు లేదు. తొమ్మిదో రోజు, మార్గశిర శుద్ధ షష్ఠి, పొద్దెక్కిన పదకొండో గడియకు పోయాడు. దుంగ మేకు ఊడదీయడానికి ఇంకో రెండు గడియలు పట్టింది.

పన్నెండో రోజుకల్లా తొమ్మిది రోజుల నిరాహారం కథ మొదలైంది. మొదలుపెట్టింది తండ్రి. శాలువ సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎదురింటావిడ దండం పెట్టింది. దుంగ మళ్ళీ అటకెక్కింది, ఈసారి మా వీధిలోనే. నా పంచాంగంలో ఆ ద్వాదశి ఎదురుగా కాయ సంఖ్య రాసి, పక్కన చోటు వదిలేశాను. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా అది ఖాళీగానే ఉంది.

సాయంత్రం ఆ ముమ్మిడివరం ఆవిడ వచ్చింది. ఈ రాసినది అప్పటికి ఇంతవరకు అయింది. జాతకాలు కుదిరాయి అన్నాను. ముఖం వెలిగింది. పెళ్ళి ఇప్పుడు చెయ్యకు అన్నాను. తెల్లబోయింది. పిల్లవాణ్ణి వేకువన లేపడం మాన్పించమని, గంజాయి దగ్గరికి పోకుండా చూడమని, వాడిది మడి కాదని, భయమని, వాడు ఏది చెప్పినా ఆయ్ అనకుండా కూర్చుని వినమని చెప్పాను. మంచి వైద్యుడికి చూపించు, ఏ మందు పెట్టినా వాడికి చెప్పి, వాడి ఎదుటే పెట్టమన్నాను.

"మా వాడికి మందులేమిటండీ?" అంది. "మా మేనమామగారు ఏ మందు తిని సిద్ధి పొందేరు?"

"ఆయన సిద్ధి పొందలేదమ్మా. కాలికి దుంగ వేస్తే ఆకలితో పోయాడు. తాగే బొండంలో మందు కలిపింది నేను. అడిగితే కలపలేదని చెప్పిందీ నేనే."

ఆవిడ నన్ను చూసింది. చూపు నెమ్మదిగా నా గుండు మీదికి, వణికే చేతుల మీదికి, అరుగు మీద చెదిరి ఉన్న కాగితాల మీదికి వెళ్ళింది. పంచాంగం తెరిచి ఆ ద్వాదశి చూపించబోయాను. జాతకాలు రెండూ మెల్లగా నా చేతిలోంచి తీసుకుని కొంగున ముడి వేసుకుంది. లేచి, మరీ చేరువకు రాకుండా, రెండు చేతులూ జోడించింది.

"ఆయ్," అంది ఎంతో మెత్తగా. "ఆయ్, అలాగేనండీ. మీరు కాస్సేపు పడుకోండి."